రెండో ఆల్బమ్‌లో ఈల

మా తమ్ముడి రెండో ఆల్బమ్ వచ్చిన వానాకాలం మాట ఎవరైనా ఎత్తితే మా అమ్మ ముందు నా మొహం వంక చూస్తుంది. ఏమీ అనదు. అనేస్తే బాగుండునని నాకుంటుంది. కన్నతల్లే కదా, నాలుగు తిట్టినా పడతాను. ఆవిడ తిట్టదు. లేచి వెళ్ళి తీగ మీద తడిబట్టలు తిరగేస్తుంది.

నేను చెవుల డాక్టరు గారి దగ్గర వినికిడి పరీక్షలు చేస్తాను. పదకొండేళ్ళయింది. మందుల షాపు పైన రెండు గదులు. లోపలి గదిలో చెక్క కేబిన్, దానికో అద్దం. వచ్చినవాళ్ళని అందులో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికో బటన్ ఇస్తాను. కూత ఎంత సన్నగా వినపడినా సరే నొక్కమంటాను. బయట మిషను దగ్గర కూర్చుని ఒక్కో కూతా పంపుతాను, నొక్కినచోట కాగితం మీద చుక్క పెడతాను. ఇంతే నా విద్య. అయితే వినపడనివాళ్ళు మహా గడుసువాళ్ళండీ. అద్దంలోంచి నా చెయ్యి కనిపెడుతూ ఉంటారు. భుజం కాస్త కదిలితే చాలు, నొక్కేస్తారు. మోసం చేద్దామని కాదు పాపం, వినపడటం లేదని ఒప్పుకోవడానికి ఎవరికి మనసొస్తుంది? అందుకని నేను అటు తిరిగి కూర్చుంటాను. చెయ్యి వాళ్ళ కంట పడనివ్వను. కూతలు కూడా ఒకే వరసలో ఇవ్వకూడదు. ఒకటి వెంటనే, ఇంకొకటి బాగా ఆలస్యంగా, మధ్యలో ఉత్త నిశ్శబ్దం. కొత్తగా పనిలో చేరినవాళ్ళకి మొదటిరోజే చెప్తానీ మాట.

మా తమ్ముణ్ణి ఇంట్లోనూ వీధిలోనూ, చివరికి పోస్టర్ల మీదా తుమ్మెద అనే అంటారు. ఉయ్యాలలో ఉన్నప్పట్నుంచీ ఏదో ఒకటి గుయ్యిమంటూనే ఉండేవాడు. పెద్దయ్యాక అదే వాడి వృత్తి అయింది. వీణా వేణువూ లాంటివేవీ ముట్టుకోడు. ఒక కంప్యూటరు, మీటలున్న నాలుగు పెట్టెలు, చిక్కుపడిన తీగల గుట్ట. ఆ సరంజామాతో మా వెనక గదిలో పాటలు చేస్తాడు. మొదటి ఆల్బమ్ మూడేళ్ళ కిందట వచ్చింది. పత్రికలో సంగీతం మీద రాసే ఒక పెద్దాయన దాన్ని ఆకాశానికెత్తేశారు. ఆయన మాటంటే కుర్రకారు చెవి కోసుకుంటారు. ఇంకేముంది, మూడేళ్ళు వీడు ఊరూరా నిలువెత్తు స్పీకర్ల మధ్య నిలబడ్డాడు. కాస్త దూదైనా పెట్టుకోరా అని నేను, అలా అయితే జనం ఏం వింటున్నారో నాకెలా తెలుస్తుందే అని వాడు. తీరా రెండో ఆల్బమ్‌కి వచ్చేసరికి బెంగ పట్టుకుంది. ఇది మొదటిదాన్ని మించకపోతే గాలివాటున పైకొచ్చాడంటారట. ఆఖరి మెరుగులతో సహా అంతా ఒక్కడే చేసుకున్నాడు, ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు.

వానలు మొదలైన వారంలో అమ్మ బట్టలు మడతపెడుతూ అంది.

"ఏమే, వీడికి సరిగ్గా వినపడటం లేదేమోనే."

"వాడికా? బాగుందమ్మా, వాడి బతుకే అది."

"నిన్న సాయంత్రం మెట్ల మీద కూర్చుని, ఈ ఏడు కీచురాళ్ళు రాలేదేంటమ్మా అన్నాడు. అప్పుడు చుట్టూ చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి."

నేను పకపకా నవ్వాను. నవ్వినదాన్ని నవ్వినట్టు ఊరుకోనివ్వలేదు అమ్మ. నాలుగు రోజులు చెవిలో జోరీగలా పోరు పెడితే, సరేలెమ్మని ఒక మధ్యాహ్నం వాణ్ణి క్లినిక్కి రమ్మన్నాను. బయట బెంచీల మీద పన్నెండు మంది ఉన్నారు. నేనింకా భోజనం చెయ్యలేదు. వాడు కేబిన్లో కూర్చుని నన్ను చూసి నాలుక వెళ్ళబెట్టాడు. నేను అటు తిరిగి చకచకా కూతలు ఇచ్చుకుంటూ పోయాను, వాడు టకటకా నొక్కుకుంటూ పోయాడు. పెద్ద చప్పుళ్ళలో పనిచేసేవాళ్ళకి ముందుగా పోయేవి సన్నటి కూతలు. మా మిషన్లో అన్నిటికన్నా సన్నది ఎనిమిది వేల హెర్ట్జ్ కూత, అంటే సెకనుకి ఎనిమిది వేల కంపనాలు. వాడు దాన్ని కూడా వదల్లేదు. పసిపిల్లలకైనా అంత చక్కటి గ్రాఫు రాదు. కింద సంతకం పెట్టి, ఇంటికి తీసుకెళ్ళి అమ్మ ముఖాన ఆడించాను.

"చూశావా? నీ కొడుకు చెవులు కావు ఇవి, కుందేలు చెవులు."

అమ్మ గ్రాఫు వంక చూసి, "నీకు తెలిసినంత నాకేం తెలుస్తుందిలే," అంది.

ఆ తర్వాత వాడు ఆరు వారాలు గది దాటలేదు. హెడ్‌ఫోన్లలోంచి చప్పుడు వరండాలోకి వినపడేది. ఒక ఆదివారం పొద్దున బయటికొచ్చి, పూర్తయింది వినండి అంటూ మమ్మల్నిద్దర్నీ మంచం మీద కూర్చోబెట్టాడు. తొమ్మిది పాటలు. మొదటి పాట మొదలైన క్షణం నుంచీ ఒక ఈల. సన్నగా, కత్తిలా, దోమ వచ్చి చెవి దగ్గరే ఆగిపోయినట్టు. పాట మారినా అది మారలేదు. వెనకాల ఏదో నెమ్మదిగా నడుస్తోంది గానీ ఈల దాన్ని విననివ్వదు. మూడో పాటకి అమ్మ దవడ పట్టుకుని, పన్ను సలుపుతోందిరా అని లేచిపోయింది. నేను పళ్ళ బిగువున తొమ్మిదీ విన్నాను.

"ఎలా ఉందక్కా?"

"బాగుందిరా."

"బాగుందంటే?"

"బాగుందంటే బాగుందని. ఇంకేం చెప్పమంటావు?"

మొదటి ఆల్బమ్‌లో ఒక పాట నీళ్ళ మోటారులా ఉందన్నందుకు పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు మహానుభావుడు. ఈసారి నోరు కట్టుకున్నాను. పైగా చెవులు నిక్షేపంలా ఉన్నాయని నేనే తేల్చానాయె. వినపడుతున్నవాడు ఉంచాడంటే కావాలనే ఉంచాడన్నమాట.

వంటింట్లో అమ్మ పట్టుకుంది నన్ను. "ఆ ఈల ఏంటే, ప్రాణం తోడేస్తోంది?"

"వాళ్ళ సంగీతం అలాగే ఉంటుందమ్మా. వాడి ముందు మాత్రం అనకు."

"ఒకసారి అడిగితే ఏం పోయింది?"

"నేను పరీక్ష చేశానా లేదా? నోరు మూసుకో ఇంక."

అమ్మ నోరు మూసుకుంది. నేనే మూయించాను.

ఆల్బమ్ బయటికొచ్చాక మొదటి పది రోజులు నరకం చూశాం. తలనొప్పి వచ్చింది అన్నారు కొందరు. సగంలో కట్టేశాం అన్నారు ఇంకొందరు. రెండో మెట్టు మీదే కాలు జారాడని ఒక పత్రిక రాసింది. ఆల్బమ్ బయటికి తెచ్చిన కంపెనీవాళ్ళు ఫోన్ ఎత్తడం మానేశారు. పెద్దాయన మెచ్చినవాడు కదా అని వాళ్ళూ ముందు వినకుండానే సరే అన్నట్టున్నారు. తుమ్మెద తిండి మానేసి, ఫోన్లో ఒక్కొక్కరి మాటా చదువుకుంటూ కూర్చున్నాడు. గుయ్యిమనడం కూడా మానేశాడు. ఇల్లు చిన్నబోయింది.

"తలనొప్పి అంటారేంటక్కా?" అన్నాడొక రోజు. "నేను చేసినవాటిలో ఇంత మెత్తటిది ఇంకోటి లేదు. మెత్తగా ఉండాలనే కదా రెండేళ్ళు చచ్చాను."

మెత్తగా అన్న మాట నా చెవిన పడింది. పడిందే గానీ బుర్రకెక్కలేదు. కళాకారుల మెత్తదనం మనకేం అర్థమవుతుందిలే అనుకున్నాను, వెధవ తెలివి.

పదకొండో రోజున పెద్దాయన వ్యాసం వచ్చింది. ఒక పేజీ మొత్తం. అమ్మ తడిసిన పత్రిక తెచ్చి, టిఫిను దగ్గర కూర్చున్న మా ఇద్దరికీ వినపడేలా గట్టిగా చదివింది.

"ఈ యువకుడు మనల్ని సుఖపెట్టడానికి రాలేదు. తొమ్మిది పాటల్లోనూ తెగకుండా సాగే ఆ సన్నటి ఈలే ఈ ఆల్బమ్‌కి వెన్నెముక. అది లేకపోతే ఇదొక జోలపాట. వినేవాణ్ణి ఇంత నిర్దయగా చూసే ధైర్యం ఈ తరంలో మరొకరికి లేదు."

అమ్మ కళ్ళు తుడుచుకుంది. ఆ ఈల గురించి నాతో అన్న మాటలు తలుచుకుని సిగ్గుపడింది కూడా. ఫోన్లు మోగడం మొదలైంది. తలనొప్పి అన్నవాళ్ళే, మొదట అర్థం కాలేదు గానీ మహాద్భుతం అన్నారు. కంపెనీవాళ్ళకి హఠాత్తుగా మా నంబరు గుర్తొచ్చింది. వానాకాలం చివర్లో పెద్ద హాల్లో కచేరీ ఖాయం చేశారు. తుమ్మెద అందరికీ ఊఁ ఊఁ అన్నాడు. సంతోషం పట్టలేక మాట రావట్లేదనుకున్నాం.

సాయంత్రం వాన వెలిశాక మెట్ల మీద నా పక్కన కూర్చున్నాడు.

"అక్కా, ఏ ఈల?"

"ఒరేయ్, వేషాలెయ్యకు."

వాడు నవ్వలేదు. హెడ్‌ఫోన్లు నా చెవులకి తగిలించి, ఫోన్లో పాట పెట్టాడు. "ఇప్పుడుందా?"

"ఉంది."

"ఇప్పుడు?"

"ఉందిరా. అంతటా ఉంది."

పాట ఆపేశాడు. "ఇప్పుడు?"

"లేదు."

వాడు హెడ్‌ఫోన్లు తీసి తన చెవులకి పెట్టుకుని, అదే పాట మళ్ళీ పెట్టుకుని, కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నాడు. చుట్టూ కీచురాళ్ళు గోల గోలగా అరుస్తున్నాయి.

ఈల ఎక్కడిదో తర్వాత తెలిసింది. ఒక పెట్టెకి తగిలించిన నాసిరకం అడాప్టరుది. అది ఎనిమిది వేల దగ్గర కూస్తూనే ఉంది, వాడు రెండేళ్ళు దాని పక్కనే కూర్చున్నాడు. కోపంకొద్దీ దాన్ని చెత్తబుట్టలో పారేశాను.

మెట్ల మీద పాట విన్న మర్నాడే, క్లినిక్ తెరవకముందే వాణ్ణి కేబిన్లో కూర్చోబెట్టాను. ఈసారి వరస తప్పించి ఇచ్చాను. ఒకటి వెంటనే, ఒకటి ఆలస్యంగా, మధ్యలో నిశ్శబ్దం. వాడు నేనేమీ ఇవ్వనప్పుడు నొక్కాడు. ఇచ్చినప్పుడు బటన్ వంక చూస్తూ కూర్చున్నాడు. గ్రాఫు మూడు వేల దాకా బాగానే నడిచి అక్కణ్ణుంచి గోడ మీంచి దూకినట్టు కిందికి పోయింది. నేను మిషను ఆపి లోపలికెళ్ళి వాడి ముందు నేల మీద కూర్చున్నాను.

"మొదటిసారి ఎలా నొక్కావురా?"

"అప్పుడు నువ్వు నాలుగు లెక్కపెట్టినప్పుడల్లా ఒకటి ఇచ్చావక్కా. మూడు కూతలు విన్నాక తర్వాతిది ఎప్పుడొస్తుందో చేతికి తెలిసిపోతుంది."

"నన్ను మోసం చేద్దామనా?"

"ఏమో. నొక్కాక వినపడినట్టే అనిపించింది." బటన్ నా చేతిలో పెట్టేశాడు. "భయమేసిందే."

వాణ్ణి కొట్టాలనిపించింది. దానికన్నా ఎక్కువగా నా చెంపలు నేను వాయించుకోవాలనిపించింది. పదకొండేళ్ళు ఊళ్ళోవాళ్ళందరికీ వరస తప్పించి ఇచ్చినదాన్ని, తమ్ముడు కదా అని, ఆకలవుతోందని, తాళం వేసినట్టు ఇచ్చాను. తాళం మీద బతికేవాడికి.

డాక్టరు గారు రెండు గ్రాఫులూ పక్కపక్కన పెట్టుకున్నారు. పోయింది తిరిగి రాదన్నారు. ఆ ఆరు వారాల హెడ్‌ఫోన్లు బాగా దెబ్బకొట్టి ఉంటాయన్నారు. ఇంకా ఇలాగే స్పీకర్ల మధ్య తిరిగితే మాటలు కూడా అందవన్నారు. మొదటి గ్రాఫు కింద నా సంతకం చూసి, దాన్ని ఫైల్లో అడుగున పెట్టారు.

"ఆ పెద్దాయనకి నిజం చెప్పెయ్యరా," అంది అమ్మ. "లేనిపోని పొగడ్త మనకెందుకు?"

తుమ్మెదకీ అదే అనిపించింది. పెద్దాయన ఇంటర్వ్యూ కోసం గొడుగేసుకుని మా ఇంటికే వచ్చారు. చాలా మర్యాదస్తుడు. అమ్మ ఇచ్చిన టీ రెండు చేతులతో అందుకున్నారు.

"ఆ ఈల ఆలోచన ఎలా వచ్చింది నాయనా?"

"సార్, అది నేను పెట్టింది కాదు. నాకది వినపడదు."

పెద్దాయన కప్పు కింద పెట్టేశారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. "ఎంత మాటన్నావు! చేసినవాడికి వినపడని ఈల. ఎంత మాట!" అంటూ నోటు పుస్తకం తీసి రాసుకున్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అయ్యా, అది మాట కాదండీ. నిజంగానే వినపడదు. వాడి చెవులు పోయాయి. నేనే పరీక్ష చేశాను, ఉండండి, గ్రాఫు చూపిస్తాను."

"వద్దమ్మా," అని చిరునవ్వు నవ్వారు. "కళని కాగితాల మీద కొలవకూడదు."

ఆ తర్వాతి ఆదివారం ఇంకో పేజీ రాశారు. శీర్షిక 'నాకు వినపడని ఈల'. ఆ దెబ్బకి కచేరీ టికెట్లన్నీ అమ్ముడైపోయాయి. మా తమ్ముడు ఆ పేజీని నాలుగు మడతలు పెట్టి, కిటికీ రెక్క కొట్టుకోకుండా సందులో దోపాడు.

కచేరీ వద్దంటే వద్దన్నాను. అమ్మ బతిమాలింది. ఈ ఒక్కటీ చేసి మానేస్తానని ప్రమాణం చేశాడు. చెవుల్లో గట్టి బిరడాలు పెట్టుకోవాలని డాక్టరు గారు షరతు పెట్టారు. అవి పెట్టుకుంటే వాడికి పాటలు లీలగా తప్ప అందవు. అన్నీ చేతికి కంఠతా ఉన్నాయక్కా, ఫరవాలేదన్నాడు.

"కానీ జనం ఈల కోసం వస్తున్నారు. అడాప్టరు నువ్వు పారేశావు. ఈల నువ్వే తేవాలి."

"నేనా?"

"స్టేజీ మీద పక్కన కూర్చో. ఒక మీట ఇస్తాను, పైకి జరిపితే ఈల వస్తుంది, కిందికి దించితే పోతుంది. ఈల ఉన్నంతసేపూ చెయ్యి ఎత్తి ఉంచు. నాకు కనపడేలా."

కచేరీ రోజు సాయంత్రం ఏడింటికి హాలు కిటకిటలాడుతోంది. పెద్దాయన మొదటి వరసలో కళ్ళు మూసుకుని కూర్చున్నారు. నేను ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని, స్టేజీ మీద ఒక మూల చిన్న బల్ల దగ్గర, జీవితంలో మొదటిసారి వినపడనివాడికి ఎదురుగా తిరిగి కూర్చున్నాను. కుడిచెయ్యి మీట మీద, ఎడమచెయ్యి గాల్లో. తుమ్మెద జనం వంక చూడలేదు, తన పెట్టెల వంక కూడా సరిగ్గా చూడలేదు. కేబిన్లో కూర్చున్న ప్రతి గడుసువాడూ చూసినట్టే నా చెయ్యి వంక చూస్తూ వాయించాడు. ఎనిమిది పాటలు అలా నడిచాయి. భుజం పీకేస్తోంది. కళ్ళు తుడుచుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు.

తొమ్మిదో పాట మొదలవబోతుంటే నేను మీట తగ్గించేశాను. పూర్తిగా. ఎడమచెయ్యి మాత్రం దించలేదు.

ఈల పోయింది. హాల్లో పదిహేను వందల మంది ఒక్కసారిగా ఊపిరి వదలడం వినపడింది. అప్పుడొచ్చింది పాట. వెనక గదిలో ఆ ఆదివారం నేను పళ్ళు బిగించుకుని విన్న పాటే. కానీ ఇప్పుడే మొదటిసారి విన్నాను. చిన్నప్పుడు ఉయ్యాలలో వాడు గుయ్యిమన్నట్టే ఉంది. మూడో వరసలో ఒకామె పక్కవాళ్ళ భుజం మీద తల వాల్చింది. స్టేజీ పక్కన తెర దగ్గర నిలబడ్డ అమ్మ దవడ మీంచి చెయ్యి తీసేసింది. పెద్దాయన కళ్ళు తెరిచి, అటూ ఇటూ వెతుక్కుంటున్నట్టు చూశారు. తుమ్మెద నా చెయ్యి వంకే చూస్తూ పాట ముగించాడు.

మూడు రోజులకి వ్యాసం వచ్చింది. ఆఖరి పాటలో వెన్నెముక విరిగిందట. ఈ కళాకారుడు చివరి క్షణంలో ధైర్యం కోల్పోయి, జనాన్ని జోకొట్టడానికి సిద్ధపడ్డాడట. ఇక ఇతని నుంచి ఏమీ ఆశించనక్కర్లేదట. తుమ్మెద మెట్ల మీద కూర్చుని రెండుసార్లు చదివాడు. వానలు వెనకపట్టాయి, మెట్లు ఆరిపోయి ఉన్నాయి. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. నా వైపు తిరిగి నా పెదాల వంక చూశాడు. ఈ మధ్య అలా చూడటం అలవాటైంది వాడికి.

"ఆపేశావా?"

"ఆపేశాను."

"చెయ్యి ఎత్తే ఉంచావు కదే."

"ఉంచాను."

తిడతాడనుకున్నాను. పత్రిక మడిచి పక్కన పెట్టాడు.

"ఎలా ఉందక్కా?"

బాగుందిరా అని నోటి చివరి దాకా వచ్చింది. ఆపుకున్నాను.

"మెత్తగా ఉందిరా. చాలా మెత్తగా ఉంది."

కీచురాళ్ళు మొదలయ్యాయి. వాడు ఇంకొంచెం దగ్గరికి జరిగాడు.

"మళ్ళీ చెప్పు," అన్నాడు.

మళ్ళీ చెప్పాను.